మెనూలో పేరు లేదు

తార్నాకలో ఒక జీవశాస్త్ర ల్యాబ్. సాయంత్రం ఏడవుతోంది. మైక్రోస్కోప్ గదికి తాళం పడింది. పక్క గదిలో మాత్రం రెండు తెరలు ఇంకా వెలుగుతున్నాయి. కుర్చీ లాక్కుని వాటి ముందున్నవాళ్ల వెనక కూర్చోండి. కీబోర్డు ముందున్నది పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. పక్కన టీ కప్పుతో నిలబడి తెర చూస్తున్నది పై అంతస్తులో ప్రోగ్రాములు రాసే సీనియర్. ల్యాబ్‌లో అందరికీ ఆయన అన్నే.

“రన్ కొడితే ఇమేజ్‌జే వస్తున్నదన్నా. నా ప్లగిన్ మాత్రం మెనూల కనబడ్తలేదు. ఎర్రరన్నా ఇస్తే దాన్ని పట్టుకుని వెతుకుదును. అది కూడా ఇస్తలేదు.”

“ఏదీ, ఇంకోసారి కొట్టు.”

జావా ప్రోగ్రాములు రాసుకునే ఎక్లిప్స్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కింది. కాసేపటికి ఇమేజ్‌జే పట్టీ తేలింది. పైన ఫైల్, ఎడిట్, ఇమేజ్, ప్రాసెస్, అనలైజ్, ప్లగిన్స్, విండో, హెల్ప్; కింద పనిముట్ల బొమ్మల వరుస. ఆమె ప్లగిన్స్ మెనూ తెరిచి అడుగు దాకా వెళ్లింది. మ్యాక్రోస్ ఉంది, షార్ట్‌కట్స్ ఉంది, యుటిలిటీస్ ఉంది. తను రాసిన సెల్‌కౌంట్ లేదు. ఎక్లిప్స్ కన్సోల్‌లో ఒక్క అక్షరం లేదు.

ఆమె పని కణాల లెక్క. రంగు పట్టించిన కణాలను మైక్రోస్కోప్ కింద ఫొటో తీస్తే కేంద్రకాలు మచ్చల్లా మెరుస్తాయి. ఒక్కో ఫొటోలో వందలుంటాయి. చేత్తో లెక్కపెడితే కళ్లు పోతాయని, ఆ పని చేసే చిన్న జావా ప్లగిన్ రాసుకుంది. ఫొటోలను విశ్లేషించే ఇమేజ్‌జే పుట్టిందే ఇలాంటి అవసరాలకు. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ 1987లో మెకింతోష్ కోసం ఎన్ఐహెచ్ ఇమేజ్ రాశాడు. అది ఏ కంప్యూటర్ మీదైనా నడవాలని 1997లో జావాలో ఇమేజ్‌జే మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేదు, సోర్స్ అందరికీ తెరిచి ఉంది, ఎవరికి కావలసిన పని వాళ్లు ప్లగిన్‌గా రాసి కలుపుకోవచ్చు. ప్రపంచమంతా జీవశాస్త్ర ల్యాబుల్లో ఇది పాతుకుపోవడానికి ఆ ఆఖరి సౌకర్యమే పెద్ద కారణం. ఈ గదిలో ఇప్పుడు ఇబ్బంది పెడుతున్నదీ అదే.

“పొద్దుటి నుంచి ఏం మార్చావ్?”

“రన్ మెథడ్ మొత్తం తిరగరాసిన. సెటప్ కూడా మార్చిన.”

అన్న కప్పు బల్ల మీద పెట్టేశాడు. “అవి ముట్టుకోకు. నీ కోడ్ దాకా ఇమేజ్‌జే వాడు వచ్చాడో లేదో ముందు తేల్చుకుందాం. మెయిన్‌లో ఇమేజ్‌జేని తెరిచే లైను కింద ఇంకో రెండు లైన్లు రాయి. ఒకటి, బ్లాబ్స్ బొమ్మ తెరిచేది. రెండోది ఐజే డాట్ రన్‌ప్లగిన్, బ్రాకెట్లో నీ క్లాస్ పేరు, దాని పక్కన ఖాళీ కోట్స్.”

బ్లాబ్స్ అనేది ఇమేజ్‌జేతో వచ్చే నమూనా బొమ్మ. అడ్డం 256, నిలువు 254 పిక్సెళ్లు. నిండా మచ్చలే. ఆమె రెండు లైన్లూ రాసి రన్ కొట్టింది. బ్లాబ్స్ తెరుచుకుంది. ఆ వెంటనే దాని మీదికి ఒక డైలాగ్ పెట్టె వచ్చింది: సెల్‌కౌంట్, కనీస వైశాల్యం ఎంత?

“అరె, వచ్చింది!”

“వస్తుంది. నీ క్లాస్ ఎక్లిప్స్ క్లాస్‌పాత్‌లో ఉంది కాబట్టి పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. మెనూ సంగతి వేరు. మనిషి ఇంట్లోనే ఉన్నా ఓటరు జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు కదా, అలాగ. జాబితా తయారు చేసేవాడు మన వీధికి రాలేదు. ఎందుకు రాలేదో చూడాలి. కోడ్‌లో చూస్తే దొరకదు.”

ఆ రెండు లైన్లతో సమస్య సగానికి తగ్గింది. పేరు పెట్టి పిలిచినప్పుడు కూడా ప్లగిన్ పలకకపోతే తప్పు కంపైల్‌లోనో, క్లాస్‌పాత్‌లోనో, కోడ్‌లోనో ఉన్నట్టు. పిలిస్తే పలికి, మెనూలో మాత్రం లేకపోతే ఇక చూడాల్సింది జాబితా ఒక్కటే.

ఇమేజ్‌జే ఆ జాబితా ఎలా తయారుచేస్తుందో అన్న చెబుతున్నాడు, వినండి. మొదలవగానే అది ప్లగిన్స్ అనే ఫోల్డర్ వెతుకుతుంది. మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకున్న ఇమేజ్‌జేకి ఆ ఫోల్డర్ పక్కనే ఉంటుంది. ఎక్లిప్స్‌లోంచి నడిపినప్పుడు అలా ఉండదు. అక్కడ ఇమేజ్‌జే అంటే మేవెన్ అనే బిల్డ్ పనిముట్టు దింపిన ఒక జార్ ఫైలు మాత్రమే. కంపైలైన క్లాసులు ప్రాజెక్టులోని టార్గెట్ ఫోల్డర్ లోపల క్లాసెస్ అనే ఫోల్డర్‌లో పడతాయి. అక్కడ చూడమని ఎవరూ చెప్పకపోతే దానికి తెలిసే దారి లేదు. చెప్పడానికి ఒక సిస్టమ్ ప్రాపర్టీ ఉంది: ప్లగిన్స్ డాట్ డిర్.

“అది నేను పెట్టిన అన్నా. రన్ కాన్ఫిగరేషన్‌ల ఉన్నది.”

“ఉంటే దాన్నే అడుగుదాం, ఎక్కడ చూస్తున్నావని.”

ప్లగిన్స్ మెనూలో న్యూ, అందులో మ్యాక్రో. ఖాళీ ఎడిటర్‌లో ఒకే ఒక్క లైను రాయించాడు: ప్రింట్, గెట్‌డైరెక్టరీ, కోట్స్‌లో ప్లగిన్స్. కంట్రోల్, ఆర్. లాగ్ విండోలో ఒక దారి పడింది. ఇద్దరూ దాన్ని ఒకేసారి చదివారు. ఎవరి పేరుతోనో ఉన్న హోమ్ ఫోల్డర్, అందులో పాత ఇమేజ్‌జే, అందులో ప్లగిన్స్.

“ఇది వెళ్లిపోయిన సీనియర్ అక్కది. ఆమె ప్రాజెక్టులకెల్లి కాన్ఫిగరేషన్ కాపీ చేసుకున్న.”

తప్పు దారి ఇచ్చినా ఇమేజ్‌జే ఫిర్యాదు చేయలేదు. ఆ ఫోల్డర్ నిజంగానే ఉంది, అందులో ప్లగిన్లూ ఉన్నాయి. దాని పని అది సక్రమంగానే చేసుకుపోయింది. ఎర్రర్ రాని తప్పులన్నీ దాదాపు ఇలాంటివే: ప్రోగ్రాము చెప్పిన చోట చూసింది, మనం వేరే చోట పెట్టాం.

ఆమె దారిని టార్గెట్ కింది క్లాసెస్‌కు మార్చింది. అన్న అంతటితో ఆగలేదు. దారిని చేత్తో రాస్తే రేపు ఇంకొకరు కాపీ చేసుకుని ఇదే గోతిలో పడతారని, మెయిన్‌లోనే నాలుగు లైన్లు పెట్టించాడు. ఈ క్లాస్ ఏ ఫోల్డర్ నుంచి లోడయిందో జావానే అడిగి, వచ్చిన జవాబును ప్లగిన్స్ డాట్ డిర్‌కు ఇవ్వడం. ఇమేజ్‌జేని తెరిచే లైనుకు ముందే ఇవ్వాలి. మెనూ కట్టేశాక ఇస్తే ప్రయోజనం లేదు.

మళ్లీ రన్. మళ్లీ ప్లగిన్స్ మెనూ. సెల్‌కౌంట్ ఇంకా లేదు.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. అన్న మాత్రం వంగి క్లాస్ పేరు చూస్తున్నాడు. “అండర్‌స్కోర్ ఏదీ?”

“ఎందుకు? జావాల క్లాస్ పేర్లకు అండర్‌స్కోర్ పెట్టొద్దంటరు కదా?”

“జావా వాళ్లు వద్దంటారు. ఇమేజ్‌జే వాళ్లు పెట్టి తీరాలంటారు.”

ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి క్లాసూ మెనూలోకి రావాల్సినది కాదు. ఒక ప్లగిన్ వెనక దానికి సాయం చేసే క్లాసులు నాలుగైదు ఉండొచ్చు. ఏది మెనూకి, ఏది కాదు అని తేల్చుకోవడానికి ఇమేజ్‌జే పెట్టుకున్న గుర్తు పేరులో కనీసం ఒక అండర్‌స్కోర్. అది లేని క్లాసును చూసి కూడా చూడనట్టు వదిలేస్తుంది. ఉంటే మెనూలో దాని బదులు ఖాళీ చోటు చూపిస్తుంది. ఆమె పేరు మీద కర్సర్ పెట్టి రీనేమ్ నొక్కింది. సెల్, అండర్‌స్కోర్, కౌంట్. ఫైలు పేరునూ, పేరు వాడిన లైన్లన్నింటినీ ఎక్లిప్స్ తనే మార్చేసింది. రన్. ప్లగిన్స్ మెనూ అడుగున, మధ్యలో ఖాళీతో, సెల్ కౌంట్.

“అయిపోయింది!” అంది.

“ఎక్లిప్స్‌లో అయింది. పిల్లలు వాడేది ఎక్లిప్స్ కాదుగా.”

నిజమే. ల్యాబ్‌లో మిగతావాళ్లు వాడేది ఫిజీ. ఇమేజ్‌జేకి జీవశాస్త్రానికి పనికొచ్చే ప్లగిన్లెన్నో జోడించి, అప్‌డేట్లతో సహా ఒక కట్టగా ఇచ్చేదే ఫిజీ. దాన్ని పరిచయం చేస్తూ యోహానెస్ షిండెలిన్, తోటివాళ్లు రాసిన వ్యాసం 2012లో నేచర్ మెథడ్స్‌లో వచ్చింది. ఆమె మేవెన్‌తో ప్యాకేజ్ కట్టింది. బిల్డ్ సక్సెస్. వచ్చిన జార్‌ను మూలనున్న మెషిన్‌లోని ఫిజీ ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టి ఫిజీ తెరిచింది. మెనూలో లేదు.

ఈసారి అన్న వైపు చూడలేదు. జార్ పేరు తనే చదివింది. సెల్, హైఫన్, కౌంటర్, హైఫన్, వెర్షన్ నంబరు. “దీనికి కూడా అండర్‌స్కోర్ కావాల్నా?”

“కావాలి. జార్ పేరులో లేకపోతే మెనూ కోసం దాన్ని తెరిచి చూడనే చూడదు.”

మేవెన్ సెట్టింగులుండే పోమ్ ఫైలులో ఆర్టిఫాక్ట్ ఐడీ మార్చి మళ్లీ కట్టింది. ఈసారి సెల్ కౌంట్ కనబడింది, కానీ వేరే చోట. అనలైజ్ మెనూలో తమ ల్యాబ్ పేరుతో ఉపమెనూ రావాలని ప్లగిన్స్ డాట్ కాన్ఫిగ్ అనే ఫైలులో ఒక లైను రాసుకుంది: ఏ మెనూ, కోట్స్‌లో ఏ పేరు, ఏ క్లాస్. ఆ లైనును పట్టించుకోకుండా ప్లగిన్ వెళ్లి ప్లగిన్స్ మెనూలో కూర్చుంది.

“జార్ లోపల ఏముందో చూడు,” అన్నాడు అన్న.

టెర్మినల్‌లో జార్, టీఎఫ్, ఫైలు పేరు. జార్‌లోని ఫైళ్ల పేర్లు వరసగా పడ్డాయి. మానిఫెస్ట్ ఉంది. సెల్_కౌంట్ క్లాస్ ఉంది. మేవెన్ తన వంతుగా దాచుకునే పోమ్ ఉంది. ప్లగిన్స్ డాట్ కాన్ఫిగ్ లేదు.

ప్రాజెక్టులో చూస్తే అది జావా సోర్స్ ఫోల్డర్‌లో, క్లాసు పక్కనే ఉంది. మేవెన్ ఆ ఫోల్డర్‌లోంచి జావా ఫైళ్లను మాత్రమే తీసుకుని కంపైల్ చేస్తుంది. మిగతావి జార్‌లోకి వెళ్లాలంటే రిసోర్సెస్ ఫోల్డర్‌లో ఉండాలి. కాన్ఫిగ్ లేని జార్ ఎదురైతే ఇమేజ్‌జే లోపలి క్లాసుల పేర్లు చూసి తనే ఒకటి ఊహించుకుంటుంది, అండర్‌స్కోర్ ఉన్నవాటిని ప్లగిన్స్ మెనూలో పెట్టేస్తుంది. ఆమె ఫైలును రిసోర్సెస్‌కు జరిపి, జార్ కట్టి, ముందు టీఎఫ్ కొట్టి చూసుకుంది. ఉంది. ఆ తర్వాతే కాపీ చేసింది. అనలైజ్ మెనూలో ల్యాబ్ పేరు, దాని కింద సెల్ కౌంట్. క్లిక్ చేసింది.

ఫిజీ కన్సోల్ ఎరుపెక్కింది.

“హమ్మయ్య,” అన్నాడు అన్న. ఆమె విచిత్రంగా చూసింది. “ఎర్రర్ వచ్చిందంటే వాడు నీ క్లాస్ దాకా వచ్చాడన్నమాట. చదువు.”

అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్. ఈ క్లాసును ఇంకా కొత్త జావాతో కంపైల్ చేశారు, వెర్షన్ 61.0, ఇక్కడున్న జావా 52.0 వరకే గుర్తిస్తుంది అని సారాంశం.

అన్న కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. జార్‌లోంచి క్లాస్ ఫైలు బయటికి తీయించి, దాని మొదటి బైట్లు హెక్సాడెసిమల్‌లో చూపించమన్నాడు. మీరూ ముందుకు వంగి చూడండి. సీఏ, ఎఫ్ఈ, బీఏ, బీఈ. ఈ నాలుగు బైట్లూ ప్రతి జావా క్లాస్ ఫైలుకూ ఉండే ముద్ర. జేమ్స్ గోస్లింగ్ ఎంచుకున్నవి. ఇంగ్లిష్‌లో కలిపి చదివితే కాఫే బేబ్ అని వస్తుంది. తర్వాత రెండు సున్నా బైట్లు. ఆ తర్వాత 00, 3డి. హెక్స్‌లో 3డి అంటే 61. జావా వెర్షన్‌కు 44 కలిపితే ఈ అంకె వస్తుంది: జావా 8కి 52, 11కి 55, 17కి 61, 21కి 65. ఆమె ల్యాప్‌టాప్‌లో జావా 17. మూలనున్న మెషిన్‌లోని ఫిజీ పాతది. స్టేటస్ బార్ మీద క్లిక్ చేస్తే ఇమేజ్‌జే వెర్షన్ పక్కనే జావా 1.8 అని చూపించింది. ఏళ్ల తరబడి ఫిజీ జావా 8తోనే వచ్చేది. కొత్త కట్టలు జావా 21తో వస్తున్నాయి గానీ, థీసిస్ మధ్యలో ఉన్నవాళ్లు పాతదాన్ని అంత తేలిగ్గా వదులుకోరు.

“అయితే ఫిజీని అప్‌డేట్ చేద్దామా?”

“ఒక్క ప్లగిన్ కోసం పదిమంది మెషిన్లు కదిలిస్తామా? నువ్వే 8కి కట్టు. పోమ్‌లో కంపైలర్ రిలీజ్ 8 అని పెట్టు. సోర్స్, టార్గెట్ అని విడివిడిగా కాదు, రిలీజ్.”

తేడా ఏమిటో బిల్డ్ కొట్టగానే బయటపడింది. సోర్స్, టార్గెట్ 8 అని పెడితే జావా 17 కంపైలర్ పాత తరహా బైట్‌కోడ్ రాస్తుంది కానీ కొత్త లైబ్రరీ మెథడ్లు వాడితే అడ్డం చెప్పదు. రిలీజ్ 8 అంటే లైబ్రరీ కూడా 8దే. ఆమె ఒక చోట లిస్ట్ డాట్ ఆఫ్ వాడింది; అది జావా 9లో వచ్చింది. కంపైలర్ సరిగ్గా ఆ లైను దగ్గర ఆగింది. రిలీజ్ పెట్టకపోతే ఆ తప్పు ఇంకొకరి మెషిన్ మీద, సగం బొమ్మలు లెక్కపెట్టాక బయటపడి ఉండేది. ఆమె దాన్ని అరేస్ డాట్ యాజ్‌లిస్ట్‌గా మార్చింది. బిల్డ్ అయింది. క్లాస్ ఫైలులో 3డి ఉన్న చోట 34 వచ్చింది. 34 అంటే 52.

కొత్త జార్ కాపీ చేసేముందు అన్న ఆమె చేయి ఆపాడు. ఫిజీ ప్లగిన్స్ ఫోల్డర్‌లో పాత జార్లు అలాగే ఉన్నాయి. మేవెన్ ప్రతి జార్ పేరు చివర వెర్షన్ తగిలిస్తుంది కాబట్టి వెర్షన్ మార్చి కట్టిన ప్రతిసారీ కొత్త ఫైలు పాతదాని మీద పడకుండా పక్కన చేరుతుంది. ఒకే క్లాస్ రెండు జార్లలో ఉంటే ఏది లోడవుతుందో మన చేతిలో ఉండదు. కోడ్ మార్చినా మార్పు కనబడటం లేదని జుట్టు పీక్కునే చాలామంది నిజానికి నడుపుతున్నది నిన్నటి జార్. ఆమె పాతవన్నీ తీసేసి, కొత్తది ఒక్కటే పెట్టి, ఫిజీ మూసి తెరిచింది. ఇమేజ్‌జేలో హెల్ప్ కింద రిఫ్రెష్ మెనూస్ ఉంది గానీ, క్లాసులు మారినప్పుడు మూసి తెరవడమే ఉత్తమం.

అనలైజ్. ల్యాబ్ పేరు. సెల్ కౌంట్. బ్లాబ్స్ మీద డైలాగ్ పెట్టె వచ్చింది, ఆమె అంకె ఇచ్చింది, రిజల్ట్స్ పట్టిక నిండింది.

“ఇమేజ్‌జే 2 పద్ధతిల రాసి ఉంటే ఈ అండర్‌స్కోర్ల గోల తప్పేదంటరు కదన్నా?”

“ఆ గోల తప్పేది. ఇంకో గోల వచ్చేది.”

అన్న ఖాళీ ఎడిటర్‌లో చూపించాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్‌లో కర్టిస్ రూడెన్ బృందం నడిపించిన ఇమేజ్‌జే 2లో క్లాస్ నెత్తిన ప్లగిన్ అనే అనొటేషన్ పెడతారు, మెనూ దారి అందులోనే రాస్తారు. పేరులో అండర్‌స్కోర్ అక్కర్లేదు, కాన్ఫిగ్ ఫైలు అక్కర్లేదు. కానీ కంపైల్ అయ్యేటప్పుడు అనొటేషన్ ప్రాసెసర్ ఆ ప్లగిన్ల పేర్లన్నీ మెటా-ఇన్ఫ్ కింద జేసన్ అనే ఫోల్డర్‌లో ఒక సూచికగా రాసిపెట్టాలి. నడిచేటప్పుడు ఇమేజ్‌జే 2 చదివేది ఆ సూచికనే. ఎడిటర్‌లో అనొటేషన్ ప్రాసెసింగ్ ఆఫ్‌లో ఉంటే సూచిక పుట్టదు, ప్లగిన్ కనబడదు, ఎర్రరూ రాదు. ఎక్లిప్స్ వాడేవాళ్లకు ఇది ఎంత తరచుగా జరిగేదంటే, ఆ బృందం తమ సైజావా లైబ్రరీలో ఎక్లిప్స్ హెల్పర్ అనే క్లాసునే రాసిపెట్టింది. ఇంటెలిజే అనే ఎడిటర్‌లో అయితే సెట్టింగ్స్‌లో అనొటేషన్ ప్రాసెసింగ్ ఆన్ చేసి, ఒకసారి క్లీన్ చేసి మొత్తం మళ్లీ కట్టాలి.

“అంటే అక్కడ కూడా జాబితాదే లొల్లి,” అంది ఆమె.

“ప్లగిన్లు తీసుకునే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అంతే.”

ప్లగిన్ రాసేవాళ్లకు ఈ గదిలో చూసినదాంతో చెప్పగలిగేది ఇంతే. మెనూలో పేరు లేకపోతే కోడ్ తెరవకండి. ముందు ప్లగిన్‌ను పేరు పెట్టి నేరుగా పిలిచి చూడండి. పలికితే, సాఫ్ట్‌వేర్ ఏ ఫోల్డర్‌లో చూస్తోందో దాన్నే అడగండి. తర్వాత క్లాస్ పేరు, జార్ పేరు, జార్ లోపలి ఫైళ్లు, జావా వెర్షన్, పాత కాపీలు, ఈ వరసలో చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్లగిన్‌ను నలుగురికి ఇచ్చేటప్పుడు రీడ్‌మీలో రెండు లైన్లు తప్పకుండా రాయండి: ఏ జావాకు కట్టారు, జార్ ఏ ఫోల్డర్‌లో పెట్టాలి. ఆ రెండు లైన్లు ఉంటే మీ తర్వాత వచ్చే విద్యార్థికి ఒక సాయంత్రం మిగులుతుంది.